కొరియా పింగాణీ స్టాంపులు కొనేవాళ్లు జాగ్రత్త

నేను కొన్న స్టాంపుల కవరు నిన్న సాయంత్రం వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. అమ్మినాయన మీలో చాలామందికి తెలుసు, వారం వారం ఆసియా స్టాంపులు పెడుతుంటాడు. పేరు రాయను.

దక్షిణ కొరియా 1977లో తన పాత పింగాణీ పాత్రల బొమ్మలతో వేసిన 20 వోన్ల స్టాంపులు అవి. ‘మింట్, హింజ్ పడలేదు’ అని పెట్టాడు, అంటే వాడనివి, ఆల్బమ్‌లో అతికించే కాగితం ముక్క (హింజ్) వెనక ఎప్పుడూ అంటించనివి అని. 1,400 రూపాయలు అన్నాడు, బేరమాడకుండా యూపీఐలో పంపేశాను. కొరియాలో గోర్యో రాజుల కాలపు సెలడాన్ (బూడిద పచ్చ పూత పాత్రలు) అంటే నాకు ప్రాణం. పచ్చి మట్టి మీద గాట్లు చెక్కి, వాటిలో తెల్లమట్టి, కాలిస్తే నల్లబడే ఎర్రమట్టి నింపి, పైన ఆ బూడిద పచ్చ పూత పూసేవారు. సియోల్ కాన్సాంగ్ మ్యూజియంలో ఉన్న కొంగల పాత్ర ఫొటో చూడండి. వలయాల్లోని కొంగలు పైకి ఎగురుతుంటాయి, బయటివి కిందికి దిగుతుంటాయి. ఆ పాత్ర ఫొటో చూసినప్పటి నుంచే ఈ స్టాంపుల కోసం వెతుకుతున్నాను.

కొనేముందు ‘వెనకవైపు ఫొటో పెట్టండి’ అని రెండుసార్లు అడిగాను. ‘నల్ల మౌంటులో ఉన్నాయి, తీస్తే పాడవుతాయి’ అన్నాడు. మౌంటు అంటే స్టాంపును దాచే ప్లాస్టిక్ తొడుగు. నమ్మాను. నిన్న ఒక్కొక్కటి పట్టకారుతో బయటికి లాగితే తెలిసింది. రెండింటికి మూల మీద పోస్టాఫీసు ముద్ర అంచు ఉంది, మౌంటు అంచు సరిగ్గా దాని మీదికి వచ్చేలా పెట్టాడు. మిగతావాటి వెనక పాత హింజ్ ముక్కలు, వాటి మీద కొత్తగా పూసిన జిగురు. ఆ జిగురు స్టాంపు అంచుల్లోని పెర్ఫరేషన్ పళ్లలోకి కూడా దిగి గట్టిపడింది.

ఫోన్ చేశాను. నా మాట పూర్తిగా వినకుండానే, ‘స్టాంపు ముందువైపు చూస్తారా, వెనకవైపు చూస్తారా అమ్మా? ఆల్బమ్‌లో పెట్టాక వెనక ఎవరికి కనిపిస్తుంది?’ అన్నాడు. ఇన్నేళ్లుగా స్టాంపులు అమ్మే మనిషి అన్న మాట అది! డబ్బు వెనక్కి ఇమ్మంటే ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాల్లో నన్ను బ్లాక్ చేశాడు. పోయిన డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

తప్పు నాది కూడా. ఫొటో లేదన్నప్పుడే ఆగాల్సింది. ఎక్కడ వేరేవాళ్లు కొనేస్తారోనని టెన్షన్ పడి తొందరపడ్డాను.

మీరైతే ప్రతి స్టాంపూ మౌంటు నుంచి తీసి, వెనకవైపు పక్క నుంచి వెలుతురు పడేలా వీడియో పంపమనండి. పంపకపోతే కొనకండి. ఆయన దగ్గర కొరియావి ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే ఈరోజే మౌంట్లు తీసి చూసుకోండి.