టీఎస్‌సీనా, హెచ్‌పెట్టా: కెర్నెల్ ఏ గడియారాన్ని నమ్మాలి?

"కెర్నెల్ లాగ్‌లో టీఎస్‌సీ అన్‌స్టేబుల్ అని పడింది, క్లాక్‌సోర్స్ హెచ్‌పెట్‌కి మారిపోయింది. అలాగే వదిలెయ్యాలా, బలవంతంగా వెనక్కి తేవాలా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. పోయిన నెల నా సర్వర్‌లోనే అదే జరిగింది కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను. టీఎస్‌సీ (టైమ్ స్టాంప్ కౌంటర్), హెచ్‌పెట్ (హై ప్రెసిషన్ ఈవెంట్ టైమర్) అనేవి కంప్యూటర్‌లోని రెండు హార్డ్‌వేర్ గడియారాలు; ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్ టైమ్ కోసం ఎంచుకున్న గడియారమే క్లాక్‌సోర్స్. లినక్స్, అందులోనూ ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లు) వరకే చెబుతాను. ఇక్కడి చర్చంతా టైమ్ ఎంతయిందో చదివే క్లాక్‌సోర్స్ గురించి. ఫలానా సమయానికి ఇంటరప్ట్ పంపే క్లాక్‌ఈవెంట్ వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేసుకోవడంతోనే చాలా గందరగోళం మొదలవుతుంది.

ముందు వేగం. టీఎస్‌సీ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో, కొన్ని పదుల సైకిళ్లలో చదివెయ్యొచ్చు. వీడీఎస్ఓ (కెర్నెల్ ప్రతి ప్రోగ్రామ్‌కీ అందుబాటులో ఉంచే చిన్న కోడ్) పుణ్యమా అని అప్లికేషన్ కెర్నెల్‌లోకి అడుగు పెట్టకుండానే టైమ్ తెలుసుకుంటుంది. హెచ్‌పెట్ చిప్‌సెట్‌లో ఉంటుంది. చదివిన ప్రతిసారీ అక్కడిదాకా వెళ్లి రావాలి. ఒక్కో రీడ్‌కి సుమారు ఒక మైక్రోసెకండ్, దానిపైన సిస్టమ్ కాల్ (కెర్నెల్‌లోకి వెళ్లి రావడం) ఖర్చు. పైగా మెషీన్ మొత్తానికి ఉండేది ఒక్కటే హెచ్‌పెట్, కోర్లన్నీ దానికోసం వరుస కట్టాలి. ఈ రద్దీని తట్టుకోలేకే 2016లో కెర్నెల్‌లో ఒక ఏర్పాటు చేశారు: ఒక కోర్ చదువుతుండగా మిగతావి వచ్చి పడితే, తలా ఒకసారి చదవకుండా అది తెచ్చిన విలువనే పంచుకుంటాయి. నా సర్వర్‌లో డేటాబేస్ ఉన్నట్టుండి నెమ్మదించినప్పుడు పెర్ఫ్ (ఏ ఫంక్షన్‌కి ఎంత సమయం పడుతోందో చూపే టూల్) తీసి చూస్తే, అన్నిటికన్నా పైన కనిపించింది హెచ్‌పెట్‌ని చదివే ఫంక్షనే.

హెచ్‌పెట్ టిక్ సుమారు 70 నానోసెకండ్లు, టీఎస్‌సీది నానోసెకండ్ కన్నా తక్కువ అని పోల్చేవాళ్లు ఉన్నారు. ఈ లెక్కకి నేను పెద్ద విలువ ఇవ్వను. చదవడానికే టిక్ కన్నా పది రెట్లు పైగా పట్టే చోట, టిక్ ఎంత సన్నగా ఉంటే ఏం లాభం?

నా దృష్టిలో అసలు తేల్చేది నమ్మకం: కోర్లన్నీ ఒకే టైమ్ చెబుతున్నాయా, లేదా?

1993లో పెంటియమ్‌తో వచ్చిన టీఎస్‌సీ కేవలం సైకిళ్లను లెక్కపెట్టేది. తర్వాత ఫ్రీక్వెన్సీ మార్చుకునే ప్రాసెసర్లు వచ్చాక దాని వేగమూ మారసాగింది. లోతైన నిద్రావస్థల్లో ఆగిపోయేది. తొలితరం డ్యూయల్ కోర్లలో ఒక కోర్ టీఎస్‌సీకి, రెండోదానికి పొంతన ఉండేది కాదు. ప్రాసెస్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారగానే టైమ్ వెనక్కి నడిచేది. ఆ రోజుల్లో నన్ను అడిగి ఉంటే, నెమ్మదైనా సరే హెచ్‌పెట్టే అనేవాణ్ణి; ఉన్నది ఒక్కటే కాబట్టి అక్కడ పొంతన సమస్యే లేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. సీపీయూ ఫ్లాగ్స్‌లో కాన్‌స్టంట్ టీఎస్‌సీ, నాన్‌స్టాప్ టీఎస్‌సీ రెండూ ఉంటే వేగం మారదు, నిద్రలోనూ ఆగదు. మిగిలిన భయం ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే బయోస్ లాంటి ప్రోగ్రామ్). సిస్టమ్ మేనేజ్‌మెంట్ మోడ్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఆపి ఫర్మ్‌వేర్ తన పని చేసుకునే స్థితి) తాను వాడుకున్న సమయాన్ని దాచడానికి టీఎస్‌సీని వెనక్కి తిప్పిన ఫర్మ్‌వేర్‌లూ ఉన్నాయి. దానికి విరుగుడు టీఎస్‌సీ అడ్జస్ట్ అనే రిజిస్టర్. ఎవరు టీఎస్‌సీని ముట్టుకున్నా ఆ తేడా ఇందులో నమోదవుతుంది. కెర్నెల్ దాన్ని చూసి పట్టుకోగలదు, సరిచెయ్యగలదు. నేడు నేను టీఎస్‌సీ వైపు మొగ్గడానికి వేగం కన్నా ఈ రిజిస్టరే పెద్ద కారణం.

మరి అన్‌స్టేబుల్ అని ఎందుకు పడుతుంది? కెర్నెల్‌లోని వాచ్‌డాగ్ అనే కాపలా కోడ్ ప్రతి అర సెకండ్‌కీ టీఎస్‌సీని హెచ్‌పెట్‌తోనో పీఎం టైమర్ అనే మరో హార్డ్‌వేర్ గడియారంతోనో పోల్చి చూస్తుంది. తేడా హద్దు దాటితే తప్పు టీఎస్‌సీ మీదే వేస్తుంది. కానీ సాక్షి, అంటే పోల్చడానికి వాడిన గడియారం కూడా తప్పు చెప్పొచ్చు. ఇంటెల్ కాఫీ లేక్ ప్లాట్‌ఫారాల్లో ప్రాసెసర్ ప్యాకేజీ మొత్తం లోతైన నిద్రలోకి వెళ్తే హెచ్‌పెట్టే ఆగిపోయేది. అందుకే వాటిలో లినక్స్ హెచ్‌పెట్‌ని పక్కన పెట్టేసింది. రెండు గడియారాలను చదివే మధ్యలో ఆలస్యం జరిగినా అది తేడాగానే కనబడుతుంది. నా సర్వర్‌లో జరిగింది ఇదే: పాత కెర్నెల్, విపరీతమైన లోడ్. కొత్త కెర్నెళ్లు అలాంటి ఆలస్యాన్ని గమనించి మళ్లీ చదువుతాయి. టీఎస్‌సీ అడ్జస్ట్‌తో పాటు పై ఫ్లాగ్‌లు ఉండి, సాకెట్లు (ప్రాసెసర్ చిప్‌లు) తక్కువగా ఉన్న మెషీన్లలోనైతే టీఎస్‌సీ మీద వాచ్‌డాగ్‌నే పెట్టవు.

కాబట్టి బూట్ పారామీటర్‌లో టీఎస్‌సీ రిలయబుల్ అని రాసెయ్యమనే సలహా వినకండి. అది జబ్బు నయం చెయ్యదు, వాచ్‌డాగ్ నోరు నొక్కుతుంది. ముందు ఫ్లాగ్‌లు చూడండి, లాగ్‌లో ఫర్మ్‌వేర్ బగ్ అన్న హెచ్చరికలు వెతకండి, కొత్త కెర్నెల్ వేసి చూడండి. ఒక చిన్న ప్రోగ్రామ్‌ని కోర్ల మధ్య తిప్పుతూ టైమ్ ఎక్కడైనా వెనక్కి వెళ్తోందేమో పరీక్షించండి. నిజంగానే వెళ్తుంటే హెచ్‌పెట్‌లోనే ఉండిపోండి. నెమ్మదితనాన్ని భరించవచ్చు, వెనక్కి నడిచే టైమ్ డేటానే పాడుచేస్తుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఏసీపీఐ పీఎం టైమర్ 3.579545 మెగాహెర్ట్జ్‌ది; 24 బిట్లదైతే ఐదు సెకండ్లు నిండకముందే మళ్లీ సున్నాకి వస్తుంది. సాక్షిగా తప్ప వద్దు. కేవీఎం గెస్ట్‌లో (లినక్స్ మీద నడిచే వర్చువల్ మెషీన్‌లో) అయితే కేవీఎం క్లాక్ దానంతటదే వస్తే దాన్ని కదపకండి.

నా సర్వర్‌లో కెర్నెల్ మార్చాను, టీఎస్‌సీ తిరిగి వచ్చింది, పారామీటర్లేమీ పెట్టలేదు. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో హెచ్‌పెట్‌ని మాత్రం ఆపలేదు. సాక్షిగా అది ఉండాలి.