విండోస్ కాల్క్యులేటర్‌లో ‘డేటా’ కన్వర్టర్: ఏళ్ళ తరబడి వాడాక

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళం, హార్డ్ డిస్కులు కొంటూనే ఉంటాం. ఏ పెళ్ళికి ఎంత జాగా పడుతుందో ముందే తేల్చుకోవడానికి నేను ఏళ్ళుగా వాడుతున్నది విండోస్‌తో పాటే వచ్చే కాల్క్యులేటర్. దాని మెనూలో కిందికి వెళితే, ఒక కొలతను ఇంకో కొలతలోకి మార్చే కన్వర్టర్ల వరుసలో ‘డేటా’ కనిపిస్తుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ప్రకటనలు ఉండవు.

ఇది నాకు నచ్చడానికి అసలు కారణం ఒక్కటే. గిగాబైట్‌ను, గిబిబైట్‌ను కలిపేయదు. గిగాబైట్ అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లు. గిబిబైట్ అంటే 1,07,37,41,824 బైట్లు, అంటే 1024ను మూడుసార్లు వేసి గుణించినది. డిస్కు తయారీదారులు మొదటి లెక్కన అమ్ముతారు. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ రెండో లెక్కన కొలిచి, పక్కన మాత్రం ‘జీబీ’ అనే రాస్తుంది. అందుకే 1 టీబీ డిస్కు 931 జీబీగా, 4 టీబీ డిస్కు 3.63 టీబీగా కనిపిస్తాయి. కాల్క్యులేటర్‌లో 1 టెరాబైట్ కొట్టి గిబిబైట్లు ఎంచుకోండి, 931.32 అని వస్తుంది. మాయమైంది ఏమీ లేదని అక్కడే తేలిపోతుంది. ఎక్స్‌ప్లోరర్, కాల్క్యులేటర్ రెండూ విండోస్‌వే అయినా, ఒకే ఇంట్లో అన్న ఒక మాట, తమ్ముడు ఇంకో మాట చెప్పినట్టుంటుంది వ్యవహారం. నేను కాల్క్యులేటర్ మాటే నమ్ముతాను.

ఫుటేజీ ఇచ్చేటప్పుడు ఈ తేడా బాగా పనికొస్తుంది. ఆపిల్ కంప్యూటర్లు 2009 నుంచి డిస్కు పరిమాణాన్ని వెయ్యి లెక్కనే చూపిస్తున్నాయి. నా విండోస్‌లో 500 జీబీ అని కనిపించే ఫోల్డరు మ్యాక్ వాడే వాళ్ళింట్లో 537 అవుతుంది. ఎక్కువ కాపీ అయిందా, ఏదైనా రెండుసార్లు పడిందా అని ఫోన్లు వస్తాయి. అలాంటప్పుడు ఫోల్డరు ప్రాపర్టీస్‌లో చూపే పూర్తి బైట్ల సంఖ్యను తీసుకుని మారుస్తాను. బైట్లు ఎక్కడైనా బైట్లే కదా.

షూటింగుకు ముందు లెక్క ఇంకా తేలిక. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కెమెరాను సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర పెడితే, కన్వర్టర్ 12.5 మెగాబైట్లు అంటుంది. గంటకు 45 గిగాబైట్లు. ఆరు గంటల పెళ్ళికి రెండు కెమెరాలంటే 540. ఒక్క బ్యాకప్ చేర్చినా టెరాబైట్ దాటిపోయింది! ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ఆరు గంటలతో ఎక్కడ సరిపోతుంది?

లోపాలూ ఉన్నాయి. కొలతల జాబితాలో గిగాబిట్లు, గిబిబిట్లు, గిగాబైట్లు, గిబిబైట్లు పక్కపక్కనే ఉంటాయి. నిద్ర కళ్ళతో వేలు బైట్లకు బదులు బిట్ల మీద పడితే జవాబు దాదాపు ఎనిమిది రెట్లు తేడా వస్తుంది, అదీ ఏ హెచ్చరికా లేకుండా. రెండోది, కాలం లెక్క లేదు. 200 గిగాబైట్లు 100 మెగాబిట్ల లైను మీద పంపడానికి ఎంతసేపు పడుతుందో అది చెప్పదు. 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు అని మనమే భాగించి చూసుకోవాలి. లైను నిండా వేగం ఇస్తేనే సుమా.

ఒక సరదా ఉంది. జవాబు కింద అప్పుడప్పుడు ఫ్లాపీలు, సీడీలు, డీవీడీల లెక్కన కూడా చూపిస్తుంది. ఈ కాల్క్యులేటర్ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2019లో అందరికీ తెరిచి పెట్టింది కాబట్టి ఏ అంకె వాడుతున్నదో చూడవచ్చు. అందులో ఫ్లాపీకి 14,74,560 బైట్లు. అంటే ఫ్లాపీకి ఉన్న ‘1.44 ఎంబీ’ అన్న పేరులో 1.44ను ఒకసారి వెయ్యితో, ఒకసారి 1024తో గుణించారు! ఈ గందరగోళం హార్డ్ డిస్కులతో మొదలైంది కాదన్నమాట.

ఫోనులో వేసుకునే ఉచిత కన్వర్టర్లు కొన్ని చూశాను. కొన్ని అంతటా 1024 వాడేసి ఆ సంగతి ఎక్కడా చెప్పవు. కొత్తది వేసుకుంటే ముందు 1 టీబీని జీబీలోకి మార్చి చూడండి. 1000 వస్తే ఉంచుకోండి. 1024 వచ్చి, గిబిబైట్ అనే కొలత జాబితాలోనే లేకపోతే తీసేయండి.