హాలోవీన్ హాంట్‌కి ఏ రాత్రి మేలు: ముసురు పట్టిన శుక్రవారమా, తేటగా ఉన్న శనివారమా?

అక్టోబర్ వచ్చిందంటే ఒహాయోలోని మా మేసన్‌లోనూ, పక్కనున్న వెస్ట్ చెస్టర్‌లోనూ తెలుగువాళ్ల మధ్య ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "కింగ్స్ ఐలండ్ హాంట్‌కి శుక్రవారం అనుకున్నాం, వాన చూపిస్తోంది. శనివారానికి మార్చేద్దామా?" దాదాపు అందరూ మార్చేయమనే చెప్తారు. నేను మాత్రం వద్దంటాను. భయపడడం కోసమే వెళ్తున్నట్టయితే, ఉరుములు మెరుపులు లేని ముసురు రాత్రే అన్నిటికంటే మంచిది. రైడ్ల కోసం వెళ్తున్నా, వెంట పిల్లలున్నా లెక్క మారుతుంది. ఆ సంగతీ చెప్తాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. కింగ్స్ ఐలండ్ ఒహాయోలో, సిన్సినాటీకి ఉత్తరాన ఐ-71 హైవే పక్కనే ఉన్న అమ్యూజ్‌మెంట్ పార్కు. 1972లో తెరిచారు. సెప్టెంబర్ చివరి వారాల నుంచి హాలోవీన్ దాకా వారాంతాల్లో చీకటి పడ్డాక, మనల్ని భయపెట్టడం కోసం పార్కు రూపమే మారిపోతుంది. దాన్నే హాలోవీన్ హాంట్ అంటారు. మలుపులు మలుపులుగా కట్టిన చీకటి ఇళ్లని మేజ్‌లు అంటారు. బయట దారుల్లో పొగ వదిలి, వేషాలు వేసుకున్న నటులు తిరిగే చోట్లని స్కేర్ జోన్లు అంటారు. వాళ్లు మనల్ని ముట్టుకోరు, మనమూ వాళ్లని ముట్టుకోకూడదు. చూడ్డానికి వెళ్లేవాళ్లు వేషాలు, మాస్కులు వేసుకెళ్లకూడదు.

మేజ్‌లో భయం ఎలా పుడుతుందో తెలిస్తే నేను వానకి ఎందుకు ఓటేస్తున్నానో అర్థమవుతుంది. గోడలో చిన్న సందు ఉంటుంది, లేదా నల్ల తెర ఉంటుంది. నటుడు అందులోంచి ఒక్కసారిగా మీదికొస్తాడు. మళ్లీ లోపలికి వెళ్లి, నక్కి, తర్వాతి మనిషి కోసం కాచుకోవడానికి అతనికి కొన్ని సెకన్లు కావాలి. శనివారం రాత్రి ఆ కొన్ని సెకన్లే దొరకవు. జనం ఒకరి వీపు వెనక ఒకరు తెంపు లేకుండా నడుస్తూనే ఉంటారు. హాంట్ అభిమానులు దీన్ని కాంగా లైన్ అంటారు. మీకు నాలుగడుగుల ముందున్నవాళ్లు కెవ్వుమంటారు, ఏ మూల నుంచి ఏం రాబోతోందో మీకు తెలిసిపోతుంది. మీరు ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నటుడు ఇంకా బయటే ఉంటాడు, లేదా అప్పుడే వెనక్కి తిరుగుతుంటాడు. లక్షలు పోసి కట్టిన సెట్టు, చక్కటి మేకప్, మంచి లైటింగ్, అన్నీ ఉంటాయి. అసలు వచ్చిన పని మాత్రం కాదు. దానికోసం ముందు గంటసేపు, బిజీ రాత్రుల్లో అంతకంటే ఎక్కువే, లైన్లో నిలబడి ఉంటారు.

ముసురు రాత్రి సగం మంది ఇంటి దగ్గరే ఆగిపోతారు. వచ్చినవాళ్లు కూడా కాసేపు తిరిగి, తడిసి, కార్ల దగ్గరికి వెళ్లిపోతారు. తొమ్మిది దాటాక మేజ్ గుమ్మం దగ్గర మీ నలుగురే ఉంటారు. ముందు జట్టు లోపలికి వెళ్లి చాలాసేపై ఉంటుంది. అప్పుడు ప్రతి సందులోనూ ఉన్న నటుడు మీ కోసమే ఎదురుచూస్తుంటాడు. మీలో ఎవరు భయపడుతున్నారో ఒక్క చూపులో పట్టేస్తాడు. వాళ్లని తర్వాతి గది దాకా వదలడు. అదే మేజ్, అదే నటుడు, అదే టికెట్టు. ఖాళీ ఒక్కటే తేడా.

స్కేర్ జోన్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఒక ముసురు శుక్రవారం డేటన్ నుంచి మా పిన్నిగారబ్బాయి వచ్చాడు. ఇద్దరం రెయిన్‌కోట్ టోపీలు నెత్తిమీదికి లాక్కుని నడుస్తున్నాం. దారి పక్కన బెంచీ మీద గోనెపట్టా కప్పుకుని ఒక ఆకారం కూర్చుని ఉంది. గోనె అంచుల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. కదలిక లేదు. బొమ్మే అనుకుని దాటిపోయాం. ఇరవై అడుగులు వేశాక తమ్ముడు వెనక్కి తిరిగి, నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అన్నాడు: "అన్నయ్యా, ఆ బెంచీ ఖాళీగా ఉంది." టోపీ మీద వాన చప్పుడు చెవుల్లో హోరెత్తుతుంటే వెనక అడుగుల శబ్దం మాకు వినపడనే లేదు. టోపీ అంచు వల్ల పక్కచూపూ ఆనలేదు. ఆ మనిషి అప్పటికే నా భుజం పక్కన మాతో సమంగా నడుస్తున్నాడు. ఏమీ అనలేదు, అరవలేదు. కొంతదూరం అలా నడిచి చీకట్లోకి మళ్లిపోయాడు. శనివారం జనంలో అంత ఓపికగా, అంత నిశ్శబ్దంగా ఒక్క మనిషిని భయపెట్టడానికి ఏ నటుడికీ అవకాశం దొరకదు.

పొగ సంగతి కూడా చెప్పాలి. స్కేర్ జోన్లలో వాడే పొగ చాలావరకు గ్లైకాల్, నీళ్లు కలిపిన ద్రవాన్ని వేడిచేసి వదిలేది. గాలి పొడిగా ఉంటే అందులోని సన్నటి బిందువులు త్వరగా ఆవిరైపోతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండి, గాలి విసురు తక్కువగా ఉంటే అదే పొగ చాలాసేపు నేలని అంటిపెట్టుకుని ఉంటుంది. దానికి తోడు తడిసిన తారు మీద ఎర్ర లైట్లు, ఆకుపచ్చ లైట్లు పడి మెరుస్తాయి. ఏ డిజైనరూ డబ్బు పెట్టి తేలేని వెలుగు అది. అయితే జోరువాన పడితే మాత్రం పొగ నిలవదు, కొట్టుకుపోతుంది.

ఇక వాన తీసుకుపోయేవి. శనివారాన్ని సమర్థించేవాళ్ల మాటలోనూ బలముంది. మొదటగా పోయేది స్లైడర్లు. మోకాళ్లకి గట్టి ప్యాడ్లు, చేతులకి లోహం బిగించిన గ్లోవ్స్ వేసుకుని, పరిగెత్తుకొచ్చి నేలమీద జారుతూ నిప్పురవ్వలు రేపుతూ మీ కాళ్ల దగ్గర ఆగే నటులు వీళ్లు. ఈ విద్య కాలిఫోర్నియాలోని నాట్స్ స్కేరీ ఫార్మ్‌లో పుట్టింది. 1973లో మొదలైన ఆ హాంట్ నుంచే మిగతా పార్కులు చాలా నేర్చుకున్నాయి. తడి నేల మీద రవ్వలు రావు, జారడం ప్రమాదం కూడా. పొడుగాటి కర్రకాళ్ల మీద నడిచేవాళ్లూ తడిలో బయటికి రారు. బయటి స్టేజీ షోలు ఆగిపోవచ్చు. నీళ్లతో కలిపే రంగులైతే మేకప్ కారిపోతుంది. ఆల్కహాల్‌తో పనిచేసే రంగులు నిలుస్తాయి, కానీ అందరికీ అవే వేయరు. భయపెట్టడానికి నటులు పట్టుకొచ్చే రంపాలకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. చైన్ తీసేసిన ఆ పెట్రోలు రంపం చప్పుడూ, పొగ వాసనా వానలో ఇంకా దగ్గరగా వచ్చినట్టుంటాయి.

వానలో పనిచేసే ఆ నటుల గురించి ఒక మాట. వీళ్లలో కాలేజీ పిల్లలు, పగలంతా వేరే ఉద్యోగం చేసుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. తడిసిన రబ్బరు ముఖంతో, బరువెక్కిన బట్టలతో అర్ధరాత్రి దాకా నిలబడతారు. వాళ్ల దగ్గర నవ్వుతూ వెకిలిగా మాట్లాడే బదులు, భయం వేస్తే హాయిగా అరవండి. వాళ్లకి అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

రైడ్ల విషయానికొస్తే శనివారమే నయం. చిన్న జల్లుకి చాలా కోస్టర్లు నడుస్తాయి గానీ, దగ్గర్లో మెరుపు కనిపించిందంటే బయట ఉన్నవన్నీ ఆపేస్తారు. ఓరియన్ అనే కోస్టర్ గంటకి 91 మైళ్ల వేగంతో వెళ్తుంది. ఆ వేగంలో చినుకులు ముఖానికి సూదుల్లా గుచ్చుకుంటాయి, అది సరదా కాదు. వానలో కూడా హాయిగా ఎక్కగలిగేది ఫ్లైట్ ఆఫ్ ఫియర్. మొత్తం భవనం లోపలే, చీకట్లో ఉంటుంది. వాన వెలిశాక ఎక్కాల్సింది ది బీస్ట్. 1979 నుంచి నడుస్తోంది, పొడవు 7,361 అడుగులు, ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన చెక్క కోస్టర్ ఇప్పటికీ ఇదే. దారంతా అడవిలోంచి, దీపాల్లేని చీకట్లోంచి పోతుంది. తడి పట్టాల మీద ఇంకా జోరుగా పోతుందని కోస్టర్ ప్రియులు అంటారు. వాన వెలిసి అది మళ్లీ తెరిచారని తెలిస్తే మేజ్ లైను వదిలేసైనా వెళ్లండి. కానీ వాన రాత్రి అది నడుస్తుందన్న నమ్మకం పెట్టుకుని మాత్రం బయల్దేరవద్దు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి రైడ్లన్నీ చూపించాలనుకుంటే పొడిగా ఉన్న రోజు చూసుకోండి, వీలైతే మధ్యాహ్నమే వెళ్లండి.

పిల్లల సంగతి ఇంకా స్పష్టం. పదమూడేళ్ల లోపువాళ్లకి హాంట్ తగదని పార్కే చెప్తుంది. వానా, చలీ, చీకటీ కలిస్తే అస్సలు వద్దు. అక్టోబర్ చివర్లో ఇక్కడ రాత్రి 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే మన లెక్కలో 7 దాకా, పడిపోతుంది. తడిసిన పిల్లలు అరగంటలో వణికిపోతారు. వాళ్ల కోసం పగటిపూట భయం లేని హాలోవీన్ కార్యక్రమాలు వేరే పెడతారు, అవి నిజంగా బాగుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా ముసురులో తిప్పకండి. తడి నేల, చీకటి, మెరిసి ఆరే స్ట్రోబ్ లైట్లు కలిస్తే కాలు జారే అవకాశం ఎక్కువ. వాళ్లు రావాలనుకుంటే శనివారం తొందరగా తీసుకెళ్లి, జనం పెరగకముందే తీసుకొచ్చేయండి.

పెద్దవాళ్లకైనా సరైన సరంజామా లేకపోతే వానే గెలుస్తుంది. గొడుగు పనికిరాదు. ఇరుకు దారుల్లో ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటుంది, పైగా ఒక చెయ్యి దానికే పోతుంది. పార్కులో కొనే పల్చటి ప్లాస్టిక్ పోంచో కంటే నడుం దాకా జిప్పు ఉన్న రెయిన్ జాకెట్ మేలు. మేజ్‌లోకి వెళ్లేటప్పుడు టోపీ తీసేయండి, లేకపోతే సగం సెట్టు కనపడదు. కళ్లజోడు ఉన్నవాళ్లకి అసలు కష్టం లోపలికి అడుగుపెట్టగానే మొదలవుతుంది. చల్లటి అద్దాలకి వెచ్చటి గాలి తగిలి మసకేస్తాయి. కాంటాక్ట్ లెన్సులు అలవాటుంటే ఆ రాత్రి అవే పెట్టుకోండి. కార్లో పొడి సాక్సులు ఒక జత ఉంచుకుంటే ఇంటికి వెళ్లే దారి సుఖంగా ఉంటుంది. ఇవన్నీ టెన్షన్ అనిపిస్తే మీకు శనివారమే సరైనది.

డబ్బు మాట. హాంట్ కూడా కలిసిన సీజన్ పాస్ ఉన్నవాళ్లకి వాన రాత్రి ప్రయోగానికి కొత్త ఖర్చేమీ లేదు, నచ్చకపోతే గంటలో వచ్చేయొచ్చు. తేదీ వేసిన టికెట్ కొనేవాళ్లు మాత్రం వాతావరణం గురించిన షరతులు చదివాకే కొనాలి. శనివారం లైన్లు దాటడానికి చాలామంది అదనంగా పాస్ కొంటారు. ముసురు రాత్రి ఆ ఖర్చు పెట్టనక్కర్లేదు, వాన ఉచితంగానే ఆ పని చేసిపెడుతుంది.

ఈ లెక్క అన్ని ఊళ్లకీ ఒకేలా వర్తించదు. దక్షిణ కాలిఫోర్నియాలో శరదృతువులో వానే అరుదు, కాబట్టి నాట్స్‌కి వెళ్లేవాళ్లకి ఈ ప్రశ్నే రాదు. ఫ్లోరిడాలో యూనివర్సల్ ఆర్లాండో వారి హాలోవీన్ హారర్ నైట్స్ పూర్తిగా వేరే సంగతి. 1991లో ఒకే ఒక్క ఇంటితో మొదలైన ఆ పండగకి ఇప్పుడు ఏటా పది ఇళ్లు కడుతున్నారు. వాటిలో కొన్ని సినిమా షూటింగులు చేసే సౌండ్ స్టేజీల లోపల ఉంటాయి. వాన పడ్డా లోపల ఆట సాగుతూనే ఉంటుంది. టికెట్ విడిగా కొనాలి, వాన పడిందని డబ్బు తిరిగివ్వరు. అక్కడి వాన మన ముసురులా ఉండదు. సెప్టెంబర్ సాయంత్రాల్లో కుండపోతగా కురిసి, ఉరిమి, గంటలో వెలిసిపోతుంది. అది వెలిసిన వెంటనే ఉన్న ఆ కొద్దిసేపే అక్కడ బంగారం. జనం ఇంకా షాపుల్లో, చూరుల కింద ఉండగానే దూరంగా ఉన్న ఇళ్లకి నడిచేయాలి. అక్కడ రోజుని వాన బట్టి కాకుండా వారాన్ని బట్టి ఎంచుకోవడం మేలు, బుధ గురువారాలు శనివారం కంటే ఎప్పుడూ తేలికే. తుపాను వస్తే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. 2022లో ఇయన్ హరికేన్‌కి పార్కులే మూతపడ్డాయి.

తిరిగి ఒహాయోకి వస్తే, ఫోన్లో కనిపించే వాన శాతం చూసి నిర్ణయం తీసుకోవద్దు. అది జల్లో, గాలివానో, ఉరుములతో వచ్చేదో ఆ అంకె చెప్పదు. శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్లో వాతావరణ రాడార్ మ్యాప్ తెరవండి. లేత ఆకుపచ్చ పొర ఒకటే పరుచుకుని మెల్లగా కదులుతుంటే జాకెట్ తీసుకుని బయల్దేరండి. ఎరుపు, పసుపు గీతలు ఇండియానా వైపు నుంచి వరసగా వస్తుంటే శనివారానికి మార్చేయండి, ఆ రాత్రి మేజ్‌లు కూడా తెరుస్తారన్న నమ్మకం ఉండదు. ఆకుపచ్చ రాత్రి వెళ్లేటట్టయితే తొమ్మిది లోపు బయటి స్కేర్ జోన్లు చూసి, తొమ్మిది తర్వాత మేజ్‌లు పెట్టుకోండి. జనం తగ్గేది అప్పుడే.