ఫౌస్టినా నాణెం: వెండి డినారియస్ కొనాలా, ఇత్తడి సెస్టెర్షియసా?

రోమన్ సామ్రాజ్ఞి నాణెం ఒక్కటైనా కావాలనుకునేవారికి పెద్ద ఫౌస్టినాది (ఆమె కూతురిదీ అదే పేరు) తేలిగ్గా దొరుకుతుంది. భర్త ఆంటోనినస్ పయస్ క్రీ.శ. 138లో చక్రవర్తి అయ్యాడు, 140లో ఆమె కన్నుమూసింది. ఆయన ఆమెను దేవతగా ప్రకటింపజేసి, రోమ్ ఫోరంలో గుడి కట్టించి, ఏళ్ల తరబడి ఆమె బొమ్మతో నాణేలు వేయించాడు. తల చుట్టూ ‘దివా’ (లాటిన్‌లో ‘దేవత అయినది’) అని ఉంటే మరణానంతరం వేసినదే. విచిత్రమేమిటంటే, బతికుండగా వేసినవే అరుదు!

ధర: డినారియస్ మంచి స్థితిలోనూ అందుబాటులో ఉంటుంది. సెస్టెర్షియస్ అరిగినదైతే చవక, నిగనిగలాడేదైతే చుక్కలనంటుతుంది.

రూపు: డినారియస్ సుమారు 18 మిల్లీమీటర్లు, 3 గ్రాములు. సెస్టెర్షియస్ 30 మిల్లీమీటర్లు దాటుతుంది, 25 గ్రాముల దాకా తూగుతుంది. ఫౌస్టినా అందమంతా ఆ కొప్పులో ఉంది: జడలల్లి నడినెత్తిన చుట్టిన ముడి. వెండి నాణెంపై దాన్ని చూడాలంటే భూతద్దం పట్టాలి. ఇత్తడిపై అల్లిక పాయలు మామూలు కంటికే కనిపిస్తాయి.

సంరక్షణ: వెండికి పొడి చోటు చాలు. ఇత్తడిపై లేతాకుపచ్చ పొడి (లోహాన్ని తినేసే తుప్పు) రాలుతోందేమో అప్పుడప్పుడూ చూడాలి.

మోసం: డినారియస్‌లో రాగిపై వెండి పూత పూసినవి ఉంటాయి, అంచు చూస్తే తరచూ బయటపడతాయి. సెస్టెర్షియస్‌తోనే అసలు భయం. అరిగిన జుట్టును ఈ కాలంలో ఉలితో మళ్లీ చెక్కి అమ్ముతారు.

తొలి నాణెమైతే, డబ్బు పరిమితమైతే డినారియస్. నమ్మకమైన వర్తకుడు, కాస్త అనుభవం ఉంటే సెస్టెర్షియస్. నేనైతే కొప్పు కోసం రెండోదే కొంటాను.