మా అమ్మ ఎయిర్‌పోర్ట్ జాకెట్టు రివ్యూ: హుక్కులు పోయాయి, మోకాళ్ళు మాత్రం మోగుతూనే ఉన్నాయి

ముందే చెప్పేస్తున్నా, పెళ్ళి జాకెట్లు, మగ్గం వర్క్ కోసం చూసేవాళ్ళకి ఈ రివ్యూ పనికిరాదు, ఆ వర్క్ వీళ్ళ దగ్గర ఎలా ఉంటుందో నాకు తెలీదు. మేం కుట్టించింది ఒకే ఒక్క పని కోసం. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దగ్గర మా అమ్మని ప్రతిసారీ లైన్లోంచి పక్కకి పిలిచి కర్టెన్ వెనక కూర్చోబెడుతున్నారు, ఆ గోల తగ్గుతుందేమో అని. తగ్గింది. పోలేదు. పోకపోవడంలో టైలర్ తప్పు ఎంత, మోకాళ్ళ తప్పు ఎంత అన్నదే ఈ సోదంతా.

అమ్మకి 68 ఏళ్ళు. 2022లో రెండు మోకాళ్ళూ మార్పించాం. అప్పట్నించి రాజమండ్రికీ బెంగళూరుకీ మధ్య ఏడాదికి నాలుగైదుసార్లు తిరుగుతుంది, రాత్రంతా ట్రైన్‌లో ఆ బాత్రూమ్ అవస్థ ఎందుకని ఫ్లైటే బుక్ చేస్తాం. అమ్మ డ్రెస్ వేసుకోదు, చీరే. చీర అంటే ఊరికే చీర కాదు కదా, పైటకి భుజం దగ్గర ఒక పిన్నీసు, కుచ్చిళ్ళకి ఒకటి, నడుం దగ్గర ఒకటి, జాకెట్టుకి ఆరు హుక్కులు, తల్లో నాలుగు స్లైడులు, మంగళసూత్రాలు, నల్లపూసలు, గాజులు, మెట్టెలు, ఇవి కాకుండా "ఎందుకైనా మంచిది" అని గాజులకి వేలాడదీసుకున్న ఇంకో రెండు పిన్నీసులు. లెక్కేస్తే చిన్నసైజు ఇనప సామాన్ల కొట్టు. దానికి తోడు రెండు మోకాళ్ళు.

మెటల్ డిటెక్టర్ గేట్‌లోంచి నడవగానే అది కుయ్యిమంటుంది. అయినా మన దగ్గర గేట్ మోగినా మోగకపోయినా లోపల ఆడవాళ్ళకి వేరే చిన్న గదిలాంటిది ఉంటుంది, కర్టెన్ వేసి, లేడీ కానిస్టేబుల్ చేతిలో కర్రలాంటి డిటెక్టర్ పెట్టి చూస్తుంది. మామూలోళ్ళకి పది సెకన్ల పని. అమ్మకి మాత్రం భుజం దగ్గర బీప్, గుండె దగ్గర బీప్, బీప్, బీప్, నడుం దగ్గర బీప్, కిందకొస్తే మోకాళ్ళ దగ్గర ఆగకుండా ఒకటే మోత. ఆవిడ ఒక్కోటీ తడిమి చూడాలి, "యే క్యా హై" అనాలి, అమ్మ పిన్నీసు తీసి చూపించాలి, పైట జారిపోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి, వెనకాల లైన్లో వాళ్ళు ఉసూరుమంటారు, నేనేమో అవతల బెల్టు దగ్గర ట్రేలు కాపలా కాస్తూ అమ్మ ఇంకా రాలేదేంటని మెడ సాగదీసుకుని చూడాలి.

అన్నిట్లోకీ ఘోరం ఒకసారి జరిగింది, ఏ ఊరో చెప్పను, ఆ రోజు కర్టెన్ పక్కకి లాగి ఉండగానే చీర మోకాలిదాకా ఎత్తి కుట్లు చూపించమంది ఒకావిడ. అమ్మ చూపించింది. బయటికొచ్చాక ఏం మాట్లాడలేదు, ఫ్లైట్ దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక "ఇంక నేను ట్రైన్‌లోనే వెళ్తానే" అంది. ఆ మాటతోనే ఈ జాకెట్టు కథ మొదలైంది.

అదేరోజు రాత్రి నాన్న ఓదార్పుగా "కలాం గారినే ఆపారు, నువ్వెంత" అన్నాడు. నిజమే, 2011లో న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్‌లో విమానం ఎక్కి కూర్చున్న ఆయన దగ్గర కోటు, బూట్లు అడిగి తీసుకెళ్ళి చెక్ చేసి ఇచ్చారు, తర్వాత అమెరికా ప్రభుత్వం సారీ చెప్పింది. అమ్మకి ఇది అస్సలు ఓదార్పు కాలేదు, "ఆయనకి సారీ చెప్పారుగా" అంది. నాకు గుర్తొచ్చింది మాత్రం సుధాచంద్రన్. కృత్రిమ కాలుతో డాన్స్ చేసే మనిషి, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ కాలు ఊడదీసి చూపించమంటున్నారని 2021 అక్టోబర్లో ఆవిడ వీడియో పెట్టి ప్రధానికే చెప్పుకుంది, ఎయిర్‌పోర్టుల్లో ఈ చెకింగ్ చేసే సీఐఎస్‌ఎఫ్ వాళ్ళు క్షమాపణ చెప్పారు. దేశమంతా గుర్తుపట్టే మనిషి పరిస్థితే అది, మా రాజమండ్రి ఆవిణ్ణి ఎవరు గుర్తుపడతారు.

సరే షాప్ సంగతి. బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దాటాక లోపలి సందులో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళ కోసం జాకెట్టు కుట్టించడానికి రెండంతస్తులు ఎక్కాలన్నమాట, ఇక్కడే ఒక స్టార్ కట్. కానీ టైలరక్క మంచిది, హిందూపురం వైపు మనిషి, కింద మెట్ల దగ్గరకే టేపు పట్టుకొని దిగొచ్చింది, "నువ్వు ఎక్కొద్దు పెద్దమ్మా, ఆది జాకెట్టు ఇచ్చేయ్, తక్కిందంతా నేను చూసుకుంటా" అంది. మేం చెప్పిందంతా విని, "ఇట్లాంటిది ఎవురూ అడగలేదే ఇంతవరకూ" అని కాసేపు నవ్వి, తర్వాత నిజంగా కూర్చుని ఆలోచించింది. ఆ కాసేపటికే నేను ఇంకో స్టార్ కలుపుతా.

ఆవిడ చేసింది ఏంటంటే, హుక్కులు మొత్తం తీసేసి ముందువైపు గుడ్డ గుండీలు పెట్టింది, గుడ్డనే చుట్టి ముడేసి చేసే గుండీలు, వాటికి గుడ్డ కాజాలు, మధ్యలో ఖాళీ కనపడకుండా లోపల ప్లాస్టిక్ టిచ్ బటన్లు రెండు. భుజం దగ్గర ఒక చిన్న గుడ్డ పట్టీ కుట్టింది, పైట మడతలన్నీ ముందే కుట్టేసి ఆ మడతల వెనక ఒక గుండీ పెట్టింది, అది ఈ పట్టీలో దూరుస్తే పిన్నీసు అక్కర్లేదు. కుచ్చిళ్ళు కూడా మడతపెట్టి పైన నడుం దగ్గర కుట్టేసింది, లంగాకి మామూలు బొందే. అంటే చీర కట్టుకోవడం రెండు నిమిషాల పని అయిపోయింది, ఇది ఎయిర్‌పోర్ట్‌కి సంబంధం లేని లాభం, మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక వంగి కుచ్చిళ్ళు సర్దుకోవడం ఎంత కష్టమో ఇంట్లో అలాంటోళ్ళు ఉంటే తెలుస్తుంది. లైనింగ్‌తో కలిపి జాకెట్టు 850, చీర మడతలకి 500 తీసుకుంది, మా ఏరియా రేట్లకి ఎక్కువేం కాదు.

వారం అంది, పదహారు రోజులకి ఇచ్చింది. ఫోన్ చేస్తే "కాజాలు అయితావుండాయి" అనే సమాధానం మూడుసార్లు విన్నా.

ఇప్పుడు అసలు పరీక్ష. పోయిన నెల బెంగళూరు నుంచి రాజమండ్రి, నేను కూడా వెళ్ళా. స్లైడులు తీసేసి రబ్బర్ బ్యాండ్ పెట్టింది, గాజుల పిన్నీసులు నేనే పీకి పక్కన పడేశా, మంగళసూత్రం తీయనంటే తీయనంది, ఎవరూ తీయమని అడగలేదు కూడా. గేట్‌లోంచి నడిచింది. మోగింది.

అమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను, 1350 రూపాయలు తగలేశావు కదే అన్నట్టు.

కానీ లోపలికి వెళ్ళాక సీన్ వేరు. కర్ర భుజం మీద పెడితే చప్పుడు లేదు, నడుం దగ్గర లేదు, మెడ దగ్గర సూత్రాలకి ఒక్క బీప్, ఆవిడ చూసి వదిలేసింది, నేరుగా మోకాళ్ళ దగ్గర మోత. అమ్మ తనకొచ్చిన ఒకే ఒక్క హిందీ వాక్యం, "ఘుట్నా ఆపరేషన్, అందర్ స్టీల్" చెప్పింది. ఆవిడ చీర మీంచే రెండు మోకాళ్ళూ తడిమి చూసి, చేతులకి పేలుడు మందు జాడ చూసే ఆ తెల్ల పట్టీ ఒకటి రాసి మిషన్‌లో పెట్టి, పంపించేసింది. మొత్తం ఒకటిన్నర నిమిషం ఉంటుందేమో, పైట జారలేదు, చీర పైకెత్తలేదు. ఇదివరకు పది చోట్ల మోగితే వాళ్ళకి కూడా దేన్ని నమ్మాలో తెలిసేది కాదు, ఇప్పుడు మోగేది ఒక్క చోటే, ఆ చోటుకి కారణం మన దగ్గర రెడీగా ఉంది. జాకెట్టు చేసిన మేలు అంతే, కానీ మా అమ్మకి అది చాలా పెద్దది.

మోకాలు ఎందుకు మోగుతుందో కూడా కొంచెం చెప్తా, అమ్మ స్నేహితురాళ్ళు నలుగురు నన్ను ఇదే అడిగారు. అమ్మ "స్టీలు" అంటుంది గానీ మామూలుగా మార్చిన మోకాల్లో తొడ ఎముక చివర తొడిగేది కోబాల్ట్ క్రోమియం, కింది ఎముక మీద కూర్చునేది ఎక్కువగా టైటానియం, మధ్యలో ప్లాస్టిక్. అయస్కాంతానికి అతుక్కోవు కదా మరి ఎలా పట్టేస్తుందంటే, ఆ గేట్ చూసేది ఇనుముని కాదు, కరెంటు పారే ఏ లోహాన్నైనా, అది వదిలే అయస్కాంత తరంగాలకి లోహంలో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని పట్టుకుంటుంది. అందుకే బంగారం కూడా మోగుతుంది. ఇంకో భయం, రేడియేషన్. ఎక్స్‌రే బ్యాగులకే, మనుషులు నడిచే ఆ గేట్‌లో ఎక్స్‌రే ఉండదు, ఈ ముక్క అమ్మకి మూడేళ్ళుగా చెప్తున్నా, ఇప్పటికీ గబగబా దాటేస్తుంది. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు చూపిస్తే చెకింగ్ లేకుండా వదిలేస్తారనుకుంటారు చాలామంది, వదలరు, వదలకూడదు కూడా, కాగితం ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు కదా. కార్డు మాట్లాడటం మొదలుపెట్టడానికి మాత్రం పనికొస్తుంది.

ఇంకో విచిత్రం. ఈ జాకెట్టు కుట్టించడానికి ముందేడు అమ్మ మా తమ్ముడి దగ్గరికి అమెరికా వెళ్ళింది, అక్కడ చేతులు పైకెత్తి నించునే గాజు డబ్బాలాంటి స్కానర్ ఉంటుంది కదా, అందులో మోకాళ్ళు అస్సలు పట్టుబడలేదు! అది వాడే తరంగాలు చర్మం దాటి లోపలికి వెళ్ళవు, ఒంటి పైన బట్టల కింద ఏముందో మాత్రమే చూస్తుంది. పట్టుబడింది ఏంటయ్యా అంటే కుచ్చిళ్ళు. స్క్రీన్ మీద బొమ్మకి పొట్ట దగ్గర పసుపు రంగు డబ్బా వచ్చింది, అన్ని మడతల గుడ్డ ఒకేచోట ఉంటే దానికి అనుమానం, మళ్ళీ పక్కకి పిలిచి తడిమారు. అంటే ఇక్కడ మోకాళ్ళు, అక్కడ కుచ్చిళ్ళు. అందుకని అమెరికా ప్రయాణానికి ఈ కుట్టేసిన చీర మీద నాకు పెద్ద ఆశ లేదు, కుట్టినా మడతలు మడతలే. అక్కడ ఆడవాళ్ళని ఆడవాళ్ళే తడుముతారు, వేరే గదిలో చెయ్యమని అడిగితే తీసుకెళ్తారు, అడగొచ్చని అమ్మకి తెలీదు, అంతే.

మా కొలీగ్ ఒకతను ఇదంతా విని "నాకు బోర్డింగ్ పాస్ మీద నాలుగు ఎస్‌లు వచ్చాయి, దానికేమైనా కుడుతుందా మీ అక్క" అన్నాడు. దానికి టైలర్లు లేరు బాబూ. అమెరికా ఫ్లైట్లకి అదనపు చెకింగ్ కోసం ముందే లిస్టులో ఎంచి పెట్టి ప్రింట్ చేసేది అది, ఆన్‌లైన్ చెకిన్ కూడా అవ్వదు, కౌంటర్ దగ్గరకే రమ్మంటుంది, దానికి అప్లికేషన్ పెట్టుకోవాల్సింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ళు ఇలాంటి ఫిర్యాదులకే పెట్టిన డీహెచ్‌ఎస్ ట్రిప్‌లో, మారతహళ్ళిలో కాదు.

ఇక ఫిర్యాదులు. ప్లాస్టిక్ టిచ్ బటన్ ఒకటి రెండో ఉతుకుకే ఊడింది, ఇంకోటి నేనే ఇస్త్రీ పెట్టె పెట్టి కరిగించా, కరుగుతుందని ఆవిడ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. గుడ్డ గుండీలు చూడ్డానికి బావున్నాయి గానీ కాజాలు బాగా బిగుతు, అమ్మ వేళ్ళతో తియ్యడం కష్టంగా ఉంది, పెద్దవాళ్ళకి కుట్టేటప్పుడు కాజా కొంచెం వదులుగా పెట్టమని ముందే చెప్పండి. కుచ్చిళ్ళు కుట్టేశాక ఆ చీర మా అమ్మ పొడుగు వాళ్ళకి తప్ప ఎవరికీ పనికిరాదు, కాబట్టి పట్టుచీర ఇవ్వకండి, రోజువారీ సింథటిక్‌ది ఇవ్వండి. బిల్లు అడిగితే నవ్వుతుంది.

వెళ్ళేవాళ్ళకి నాదొక సలహా, జాకెట్టు ఎంత మంచిదైనా గేట్ దాటకముందే మోకాళ్ళ సంగతి చెప్పెయ్యండి, మోగాక చెప్తే సాకులా వినిపిస్తుంది. కర్టెన్ వెయ్యమని గట్టిగా అడగండి, అమ్మ ఇప్పుడు తనే లాక్కుంటోంది.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. రిటర్న్‌లో కూడా ఇదే కట్టుకుని ఒంటరిగా వచ్చింది, నేను అరైవల్స్ దగ్గర నించుని ఎలా జరిగిందే అనడిగితే, "ఆ చెకింగ్ చేసే పిల్ల జాకెట్టు ఎక్కడ కుట్టించారని అడిగింది, వాళ్ళమ్మకి కూడా మోకాళ్ళేనట" అంది. ఇంకో రెండు జాకెట్లు ఆర్డర్ ఇచ్చాం, కాజాలు వదులుగా. దసరాకి ఇస్తానంది టైలరక్క, ఏ దసరాకో అడగలేదు.