1965 డాడ్జ్ డార్ట్ 270: రంగు వేయించకుండా, ఇంజిన్ మార్చకుండా నడిపిస్తున్న కారు

పాత అమెరికన్ కారు కొని, ముక్క ముక్కగా విప్పి, షోరూమ్‌లోంచి అప్పుడే దిగినట్టు చేయించాలనుకునేవారికి ఈ సమీక్ష పనికిరాదు. నా దగ్గరున్నది 1965 డాడ్జ్ డార్ట్ 270, నాలుగు తలుపుల సెడాన్. కర్మాగారంలో వేసిన లేత నీలం ఎనామెల్ రంగే ఇప్పటికీ దాని మీద ఉంది, ఉన్నంత మేరకు. ఇంజిన్, గేరుబాక్సు, సీట్ల గుడ్డ కూడా అప్పటివే. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ కోవిడ్‌కు ముందు నుంచి దీన్ని నడుపుతున్నాను. ఇన్నేళ్లలో నేను చేయించిన మార్పుల్లో నిజంగా పనికొచ్చినవి దాదాపు అన్నీ పక్కన నిలబడి చూస్తే కనిపించనివే. కంటికి కనిపించేవి రెండే రెండు: చక్రాలు, ముందు భాగం ఎత్తు.

డార్టే ఎందుకని అడుగుతారు. అందరూ మస్టాంగ్ వెనకో కమారో వెనకో పడతారు కాబట్టి. ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు తలుపులు ఉన్న డార్ట్ అంటే అప్పట్లో బడి పంతుళ్లూ పింఛనుదారులూ కొనుక్కున్న కారు. ఎవరూ దాన్ని ముద్దు చేయలేదు, ఎవరూ రేసులకూ వాడలేదు. అందుకే బతికి బయటపడింది, అందుకే ధర కూడా అందుబాటులో ఉంది. డాడ్జ్ పేరు మన పెద్దవాళ్లకు కొత్త కాదు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్‌లకు ముందు డాడ్జ్, ప్లిమత్ కార్లనే తయారుచేసేది. ఫార్గో లారీలు ఆ ఇంటివే.

ముందు ఇంజిన్ సంగతి, ఎందుకంటే ఈ కారులో మార్చాల్సిన అవసరం అస్సలు లేనిది అదొక్కటే. 225 ఘనపు అంగుళాలు, అంటే 3.7 లీటర్లు. వరసగా ఆరు సిలిండర్లు, మొత్తం ఇంజిన్ 30 డిగ్రీలు ఒక పక్కకు వాలి కూర్చుంటుంది. విలెం వీర్ట్‌మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో డాడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ దీన్ని 1960 మోడల్ కార్లకు తెచ్చింది. కార్లలో 1983 వరకు వాడింది. వాలు పెట్టడం అలంకారం కోసం కాదు. నిలువు ఇంజిన్ అయితే బానెట్ ఎత్తు పెంచాలి. వాల్చితే ఎత్తు తగ్గుతుంది, పక్కన దొరికిన ఖాళీలో ఇన్‌టేక్ గొట్టాలను పొడవుగా సాగదీయవచ్చు, నీటి పంపును పక్కకు జరిపి ఇంజిన్ పొడవూ తగ్గించవచ్చు. 145 హార్స్‌పవర్ అని అప్పటి కాగితాల మీద ఉంటుంది. అది ఫ్యాను, సైలెన్సర్ లాంటివి తగిలించకుండా ఇంజిన్‌ను బల్ల మీద కొలిచిన లెక్క, ఇప్పటి లెక్కతో పోల్చకండి.

దీనిలో వాల్వుల సందును వాటంతటవే సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు కాబట్టి ట్యాపెట్లు మనమే సరిచేసుకోవాలి. ఇంజిన్ వేడెక్కి, నెమ్మదిగా తిరుగుతూ ఉండగా, ఇన్‌టేక్ వాల్వుకు అంగుళంలో వెయ్యో వంతులు పది, ఎగ్జాస్ట్‌కు ఇరవై సందు ఉంచాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ పట్టుకుని, వాల్వులను నొక్కుతూ ఊగే రాకర్ల మధ్య చెయ్యి పెట్టడం మొదట్లో భయమనిపిస్తుంది, చొక్కా మీద నూనె చుక్కలు ఖాయం. అంబాసిడర్ బానెట్ కింద తల దూర్చి పెరిగినవారికి మాత్రం ఇది పండగ. బానెట్ తెరిస్తే ప్రతి వస్తువుకూ చెయ్యి అందుతుంది.

కొంతమంది నన్ను చూసి వీ8 పెట్టించమని సలహా ఇస్తారు. పెట్టవచ్చు, 1964 నుంచి ఈ కారులోనే 273 వీ8 కూడా అమ్మారు. కానీ ముందు బరువు పెరుగుతుంది, టార్షన్ బార్లు మార్చాలి, బ్రేకులు మార్చాలి, చివరికి మిగిలేది ఇంకెవరో చేసిన కారు. నాకు నచ్చదు.

ఇక బ్రేకులు. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ముందు ఇక్కడ. ఈ కారు తయారైనప్పుడు పెడల్ నొక్కితే బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే గది. ఎక్కడో ఒక గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అప్పట్లో చాలా కార్లు అంతే. 1967 మోడల్ నుంచి అమెరికన్ కార్లలో రెండు గదుల సిలిండర్ మామూలైంది. నేను మొట్టమొదట చేసిన పని అలాంటిదే తెచ్చి బిగించడం. దానితోపాటు ఉక్కు గొట్టాలు, రబ్బరు గొట్టాలు మొత్తం కొత్తవి. ఇంజిన్ ఎంత బాగా పలికినా, రంగు ఎంత ముద్దొచ్చినా, ఈ పని అయ్యేదాకా కారును వీధి దాటనివ్వకండి.

కారుతో వచ్చిన డ్రమ్ము బ్రేకులతోనే కొంతకాలం నడిపాను. సరిగా సర్దితే మొదటి రెండు మూడు సార్లు చక్కగా ఆపుతాయి. ఎల్బీజే ఫ్రీవే మీద సాయంత్రం ఆగి కదిలే రద్దీలో వేడెక్కి మెత్తబడతాయి, వాన నీరు చేరితే కారు ఒక పక్కకు లాగుతుంది. అందుకని ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించాను. ఇక్కడొక మెలిక ఉంది. ఈ డార్ట్ చక్రాల బోల్టులు నాలుగు అంగుళాల వలయంలో ఉంటాయి. 1973 నుంచి వచ్చిన డార్ట్‌ల డిస్కు సామాను పాత కార్ల విడిభాగాల దగ్గర సులువుగానే దొరుకుతుంది, కానీ దాని వలయం నాలుగున్నర అంగుళాలు. అది వేస్తే ముందు చక్రం వెనక్కి పట్టదు, స్టెప్నీలు రెండు మోయాలి. పాత కొలతను అలాగే ఉంచే కిట్లు వేరే దొరుకుతాయి. ధర ఎక్కువే, కానీ నేను అదే తీసుకున్నాను. పైగా డిస్కు పెట్టాక కారుతో వచ్చిన 13 అంగుళాల చక్రం దాని మీద కూర్చోదు. 14 అంగుళాల చక్రాలు తప్పనిసరి. అలా బ్రేకుల కోసం మొదలుపెట్టిన పని చక్రాల దాకా వెళ్లింది.

అది మంచికే జరిగింది. 13 అంగుళాల మంచి టైర్లు ఇప్పుడు గగనం. 1973కు ముందు డార్ట్‌లకు వచ్చిన, పాత వలయమే ఉన్న 14 అంగుళాల ఉక్కు చక్రాలకే కారు రంగు వేయించి, మధ్యలో చిన్న పాత హబ్ క్యాపులు పెట్టి, 195/75 రేడియల్ టైర్లు వేశాను. చూసినవాళ్లు కంపెనీ నుంచి ఇలాగే వచ్చిందనుకుంటారు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. మెరిసే అల్లాయ్ చక్రాలు వెలిసిన రంగు పక్కన ఎబ్బెట్టుగా ఉంటాయి.

టైర్ల దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఆ కాలపు క్రైస్లర్ కార్లలో ఎడమ పక్క చక్రాల నట్టులు ఎడమ మరలవి. విప్పాలంటే బిగించే వైపు తిప్పాలి. బోల్టు చివర దానికి గుర్తుగా అక్షరం ఉంటుంది. దుకాణంలో కుర్రాడు గాలి తుపాకి తీసుకుని బలమంతా ఉపయోగించేలోపు పక్కనే నిలబడి చెప్పాలి. నేను ఎప్పుడు వెళ్లినా వెయిటింగ్ రూములో కూర్చోను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పుకు పైసా ఖర్చు కాలేదు. ఈ కారుకు ముందు వైపు స్ప్రింగు చుట్టలు లేవు. 1957 నుంచి క్రైస్లర్ వాడిన టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి మళ్లీ తేరుకునే పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి. వెనక మాత్రం లారీలకున్నట్టు కమాను కట్టలు. కడ్డీకి కింద ఒక్కో పక్క ఒక సర్దుబాటు బోల్టు ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేస్తే కారు ముక్కు కిందికి దిగుతుంది, బిగిస్తే లేస్తుంది. ఒక అంగుళం దించగానే అమాయకంగా ఉన్న కారుకు కొంచెం పొగరు వచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత ఎత్తుకు తేవచ్చు. దించాక మాత్రం వీల్ అలైన్‌మెంట్ చేయించి తీరాలి. అంతకంటే దించితే రబ్బరు ఆపులకు తగిలి ప్రతి గుంతా వెన్నుకు తెలుస్తుంది.

వైరింగు చాలామంది వదిలేసే చోటు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటంతా ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలో ఉన్న కనెక్టరు గుండా లోపలికి వచ్చి, డాష్‌బోర్డులోని అమ్మీటరు గుండా ప్రయాణించి, తిరిగి బ్యాటరీకి వెళ్లేలా ఈ కార్లను కట్టారు. కొత్తలో బాగానే ఉంటుంది. అరవై ఏళ్ల తుప్పు పట్టిన రాగి పిన్నుల మీద కొత్త బరువులు వేస్తే అక్కడే వేడి పుడుతుంది. నేను పిన్నులన్నీ శుభ్రం చేయించి, హెడ్‌లైట్లకు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు పెట్టి కరెంటును ఆల్టర్నేటర్ దగ్గరే తీసుకున్నాను. ఒకే పనితో అమ్మీటరు మీద బరువు తగ్గింది, దీపాలు రెట్టింపు వెలిగినట్టయింది. హై బీమ్ మీట ఇప్పటికీ ఎడమ కాలి కిందే ఉంది. నా తర్వాత ఎవరు నడిపినా అది కనుక్కోవడానికి కొంతసేపు పడుతుంది.

స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్లు తీసేసి డిస్ట్రిబ్యూటర్ మూతలోపలే ఇమిడే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. బయటికి పాతదే. పాత పాయింట్లు, కండెన్సర్ ఒక డబ్బాలో గ్లవ్ బాక్సులో ఉంటాయి. ఎలక్ట్రానిక్ భాగం ఎప్పుడు పోతుందో చెప్పి పోదు. పాయింట్లు మాత్రం రోడ్డు పక్కన స్క్రూడ్రైవరుతో పని చేయించుకోవచ్చు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి గ్యారేజీ అటక మీద పెట్టడం నా నియమం. మా ఆవిడకు ఆ అటక మీద వేరే అభిప్రాయాలున్నాయి.

రంగు దగ్గరికి వద్దాం. పైకప్పు మీద ఎండకు నీలం తేలిపోయింది, బానెట్ అంచుల్లో ప్రైమర్ బయటపడింది. ఇది పైన క్లియర్ కోటు, అంటే పారదర్శక పూత లేని పాత రంగు. పాలిష్ గుడ్డతో రుద్దితే గుడ్డకు నీలం అంటుతుంది, అంటే ప్రతిసారీ కొంత రంగు పోతున్నట్టే. అందుకే రాపిడి పాలిష్ మానేసి, నూనె శాతం ఎక్కువున్న గ్లేజు రాసి రాత్రంతా వదిలేసి, మర్నాడు తుడిచి మైనం పెడతాను. చచ్చిపోయిందనుకున్న రంగు చాలావరకు లేచి కూర్చుంటుంది. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు రెండు రోజులు ఓపిక పట్టి, “బాబూ, దీనికి రంగు ఎప్పుడు వేయిస్తున్నారు?” అని అడిగారు. వేయించనని చెబితే నమ్మలేదు, డబ్బుల ఇబ్బంది ఏదో ఉందనుకున్నారు. అయినా గుడిలో పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు ఆయనే పెట్టారు.

ఇబ్బందులు దాచను. టెక్సాస్ జూలైలో ఏసీ లేని కారు శిక్ష. డాష్‌బోర్డు కింద వేలాడే ఏసీలు దొరుకుతాయి, కానీ పెద్ద ఆల్టర్నేటరు, పెద్ద రేడియేటరు, మళ్లీ వైరింగు. అంత పని పెట్టుకునే బదులు వేసవిలో తెల్లవారుజామున మాత్రమే తీస్తాను. వేడి రోజున పెట్రోలు బంకులో ఆపితే కార్బ్యురేటర్‌లో పెట్రోలు మరిగి మళ్లీ స్టార్టవడానికి సతాయిస్తుంది. దాని కింద వేడి ఎక్కనివ్వని మందపాటి స్పేసరు వేశాక చాలా నయం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు, పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి పగులుతాయి. అవన్నీ మార్చండి, ఇది ఆలోచించాల్సిన విషయం కూడా కాదు. గేర్లు మూడే కాబట్టి 65 మైళ్లు దాటితే ఇంజిన్ అరుపు మాటలను మింగేస్తుంది. గ్యాలనుకు 18 మైళ్లు వస్తే ఆ రోజు బాగా నడిపినట్టు, అంటే లీటరుకు ఏడున్నర కిలోమీటర్లు. ముందు సీట్లకు నడుము బెల్టు ఒక్కటే ఉండేది, మూడు చోట్ల పట్టే బెల్టులు వేయించాను. వెనక పిల్లల్ని కూర్చోబెట్టను.

కాగితాల పని తేలిక. టెక్సాస్‌లో 25 ఏళ్లు దాటిన వాహనానికి పురాతన ప్లేటు ఇస్తారు, కానీ దానితో ప్రదర్శనలకూ క్లబ్బు కార్యక్రమాలకూ తప్ప రోజువారీ పనులకు తిరగకూడదు. నేను మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకున్నాను. బీమా మాత్రం ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే పాలసీ తీసుకోండి, లేకపోతే లెక్కల్లో ఇది అరవై ఏళ్ల పాత ఇనుమే.

ఇలాంటి కారు కొనాలనుకుంటే రంగునూ ఇంజిన్‌నూ చివర చూడండి. ముందు కార్పెట్ ఎత్తి, ఒక బకెట్ నీళ్లు ముందు అద్దం కింద ఉన్న జాలీలో పోయించండి. ఈ కార్లలో తుప్పు అక్కడి నుంచే మొదలై, లోపలి పళ్లెం చిల్లు పడి, కాళ్ల దగ్గరి రేకును తినేస్తుంది. బయటి నుంచి ఏమీ తెలియదు. నీరు ముందు చక్రాల వెనక నుంచి నేల మీదికి కారితే బేరం మొదలుపెట్టండి. పెడల్స్ దగ్గర తడి కనిపిస్తే ఆ పళ్లేన్ని చేరుకోవడానికి వెల్డింగులు కోసి, రేకులు విప్పాలి. ఆ పని కారు ధరను మించిపోతుంది కాబట్టి, అమ్మేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.