కంసాలి భూతద్దం, మా నాలుగో తరగతి: ఆరు నెలలు వాడాక రివ్యూ

వైజాగ్ కురుపాం మార్కెట్ సందుల్లో బంగారం పనివాళ్ళకి పనిముట్లు అమ్మే ఒక చిన్న షాపులో జూలైలో 14 మడత భూతద్దాలు కొన్నాను, వాటి గురించే ఈ రివ్యూ. నగ మీద హాల్‌మార్క్ చూడ్డానికి కంటికి ఆనించి పట్టుకుంటారే, స్టీలు కేసులోంచి తిరిగి బయటికొస్తుంది, అదే. ఒక్కోటి 160 పడింది. నేను వైజాగ్‌లోనే నాలుగో తరగతికి చెప్తాను, 28 మంది పిల్లలు, ఇద్దరికి ఒకటి లెక్కన తీసుకున్నా.

వీటికంటే ముందు ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్‌వి తెప్పించాను, 60 రూపాయలవి, పెద్దగా గుండ్రంగా బావుంటాయి, పిడి మీద 10ఎక్స్ అని అచ్చేసుంటుంది. అది చదివి మా క్లాసు పాప ఒకత్తి అడిగింది, "10 రెట్లని ఆళ్ళు రాసేస్తే అయిపోద్దేటి టీచర్, మనకెలాగ తెలుస్తాది?" అని. నాకు తెలుసు గానీ చెప్పలేదు, ఎలా తెలుసుకుందామో మీరే చెప్పండి అన్నాను. కాసేపు గోల, తర్వాత ఒకబ్బాయి రూళ్ళ నోట్‌బుక్ తీసి ఒక కన్నుతో లెన్స్‌లోంచి ఇంకో కన్నుతో బయట్నించి చూస్తూ గీతలు లెక్కపెట్టాడు, లెన్స్‌లో కనబడే ఒక గడిలో బయటి గడులు 3 కూడా పట్టలేదు. అప్పుడు నేను ఇంకో దారి చూపించాను, కిటికీకి ఎదురు గోడ దగ్గర లెన్స్ పట్టుకుని, దూరంగా ఉన్న చెట్టు బొమ్మ గోడ మీద స్పష్టంగా పడేదాకా ముందుకీ వెనక్కీ జరిపి, లెన్స్‌కీ గోడకీ మధ్య దూరం సెంటీమీటర్లలో కొలిచి, 25ని దాంతో భాగించాలి (మామూలు కంటికి వస్తువు స్పష్టంగా కనబడే దగ్గరి దూరం 25 సెంటీమీటర్లని లెక్క). 9 వచ్చింది. 25లో 9 రెండుసార్లే పోతుంది, 7 మిగిలింది. క్లాసంతా "3 కూడా లేదు టీచర్!" అని ఒకటే అరుపు, నిజంగా మోసపోయామన్న కోపం వాళ్ళ మొహాల్లో.

అందుకే కురుపాం మార్కెట్‌కి వెళ్ళాను. స్కూలు పిల్లలకండీ అంటే ఆ షాపు పెద్దాయన ఖరీదువి పక్కన పెట్టేసి "అమ్మా, పిల్లలకైతే ఇది చాలు, గాజుదే, గీతలు పడదు" అని 10ఎక్స్‌ది తీశారు. క్లాసుకి తెచ్చాక పిల్లలు ముందు చేసిన పని మళ్ళీ గోడ దగ్గరికి పరిగెత్తడం. రెండున్నర సెంటీమీటర్లు వచ్చింది, అంటే సరిగ్గా 10.

మొదటి వారం నేను తప్పు చేశాను, అది కూడా రాయాలి. 7 వస్తువులు చూసి బొమ్మలు గీయండని వర్క్‌షీట్ ఇచ్చాను. పావుగంటలో అందరూ నింపేసి లెన్సులు డబ్బాలో పెట్టేశారు, ఒక్కరూ ఏమీ అడగలేదు. మర్నాడు వర్క్‌షీట్ లేదు, ఏం చూడాలో చెప్పలేదు, ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన ఇసక తెల్లకాయితం మీద చెంచాడు చెంచాడు పోసి ఊరుకున్నా. కొంచెంసేపటికి వెనక బెంచీ నుంచి "టీచర్, ఇసకలో దానిమ్మ గింజలున్నాయి!" అని కేక.

నిజంగానే ఉంటాయి. గాజులా మెరిసేవి క్వార్ట్జ్, నల్లవి ఎక్కువగా ఇల్మెనైట్, ఆ ఎర్రవి గార్నెట్. గార్నెట్ పేరుకీ ఇంగ్లీషులో దానిమ్మ పేరుకీ మూలం ఒకే లాటిన్ మాట, ఆ పిల్లాడికి ఇది చెప్తే వాడు ఆ రోజంతా ఎంత గర్వంగా తిరిగాడో. పాత స్పీకర్ అయస్కాంతం కాయితం కింద తిప్పితే నల్ల గింజలు కొన్ని లేచి నిలబడ్డాయి. కానీ ఎర్రవి ఎక్కడ్నించి వచ్చాయన్నది పెద్ద ప్రశ్న అయిపోయింది, చార్ట్ మీద ప్రశ్న, కింద పేరు రాసి గోడకి అంటించాం, నేను మాత్రం నోరు విప్పలేదు. ఎనిమిది రోజుల తర్వాత మధురవాడ నుంచి వచ్చే పాప కొండ పక్కన ఇంటి పునాదికి వేసిన రాళ్ళగుట్టలోంచి పిడికెడంత రాయి బ్యాగులో వేసుకొచ్చింది, లెన్స్ పెడితే అవే ఎర్ర గింజలు! మన కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఉండే ఖోండలైట్ రాయే అది. కొండ అరిగి, వానకి గెడ్డల్లో కొట్టుకొచ్చి, బీచ్‌లో పడిందని వాళ్ళే అనేశారు. నేనే ముందు రోజు బోర్డు మీద రాసేసుంటే ఆ పాప ఆ రాయి తెచ్చేదా?

కొనేవాళ్ళకి కొన్ని మాటలు. దీన్ని చెయ్యి చాపి పట్టుకుంటే అంతా మసకే, లెన్స్ కంటికి దగ్గర పెట్టుకుని వస్తువుని లెన్స్ దగ్గరికి తేవాలి, పిల్లలకి ఇది పట్టుబడ్డానికి 20 నిమిషాలు పట్టింది, కళ్ళజోడు ఉన్నవాళ్ళు తీయక్కర్లేదు. ఎండవైపు మాత్రం ససేమిరా చూడనివ్వకండి, మొదటి రోజే గట్టిగా చెప్పండి. న్యూస్‌పేపర్ కలర్ ఫోటో చూపించండి, నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు తప్ప ఇంకేం ఉండవు. కేసు మడిచేటప్పుడు చిన్న వేళ్ళు నలుగుతాయి, మాకు రెండుసార్లు జరిగింది. 14లో 3 మరలు లూజయ్యాయి, తీసుకెళ్తే ఆ పెద్దాయన డబ్బులడక్కుండా నా ముందే బిగించి ఇచ్చారు. అంచుల్లో కొంచెం రంగులు కనబడతాయి, ఈ ధరకి నాకు పర్లేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన ఇసక చూస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుద్దండీ అని అడిగారు, ఆయన భయం నాకు అర్థమైంది, నాకూ ఎఫ్ఏ పరీక్షలు దగ్గరకొస్తే గుండె దడే. భాగహారం, రాళ్ళు, నేల, కొలతలు ఏ రోజు ఏది వచ్చిందో రాసుకున్న డైరీ చూపించాను. ఆయన చదివి, వాళ్ళ పాప ఇంట్లో అన్నం మెతుకులు చూడ్డానికి కూడా లెన్స్ కావాలంటోందని చెప్పారు.

గోడ మీద ఇప్పుడు 43 ప్రశ్నలున్నాయి. ఇంటికి తీసుకెళ్తామని పిల్లలు రోజూ అడుగుతున్నారు, అందుకే ఇంకో 14 కోసం ఈ శనివారం మళ్ళీ వెళ్తున్నా. మీరు వెళ్తే ఒక స్కేలు పట్టుకెళ్ళండి, లెన్స్‌ని షాపు గోడ దగ్గరే కొలిచి చూసుకోండి, ఆయన ఏమీ అనుకోరు.